మనసులో రంది పెరిగితే: ఫోన్ కౌన్సెలింగ్ మీకు సరిపోతుందా?



ఈసారి విత్తనం, ఎరువుల గురించి కాకుండా మనసుకు సంబంధించిన విషయం రాస్తున్నాను. దీనికి కారణం నాకు వచ్చిన మూడు ఫోన్లు.

వానకాలం పత్తి కాయ పట్టే రోజులవి. నారాయణఖేడ్ దగ్గరి ఒక ఊరి రైతు ఫోన్ చేసి, పత్తి ఆకు ఎర్రబడుతోందని చెప్పాడు. లీటరు నీటికి 10 గ్రాముల మెగ్నీషియం సల్ఫేట్ కలిపి పిచికారీ చేయమన్నాను. రెండు రోజులకు మళ్లీ ఫోన్ చేసి అదే ప్రశ్న అడిగాడు. అదే జవాబు చెప్పాను. నాలుగో రోజు రాత్రి పది దాటాక మళ్లీ ఫోన్. మళ్లీ అదే ప్రశ్న. విసుక్కోబోయాను. పక్కనే ఉన్న మా ఆవిడ, "ఆయన అడిగేది పత్తి గురించి కాదేమో, ఒక్కసారి కనుక్కోరాదూ" అంది.

"అన్నా, పత్తి సంగతి పొద్దున చూద్దాం. నువ్వెట్లున్నవ్?" అని అడిగాను. చాలాసేపు మాట రాలేదు. తర్వాత, "ఇరవై దినాలైంది సార్, కన్ను మూతవడ్తలేదు" అన్నాడు.

ముప్పై ఏళ్లుగా రైతుల ఫోన్లు ఎత్తుతున్నాను. మొదటి రెండు ఫోన్లలో నాకు పైరే వినిపించింది, మనిషి వినిపించలేదు. ఆ రైతు అనుమతితో, ఊరు పేరు లేకుండా ఈ సంగతి రాస్తున్నాను. ఆయనకు ఫోన్‌లో కౌన్సెలింగ్ చాలా వరకు పనికొచ్చింది. అదే నెలలో మా డివిజన్‌లోనే మరొకరికి అది ఏ మాత్రం సరిపోలేదు. మీకు, మీ ఇంట్లో వాళ్లకు ఏది సరిపోతుందో తేల్చుకోవడానికే ఈ వ్యాసం.

రంది ఎప్పుడు జబ్బు అవుతుంది?

వాన రాకపోతే, ధర పడిపోతే, అప్పు మీద పడితే బాధ కలగడం సహజం. అది జబ్బు కాదు. నాలుగు రోజుల్లో మనిషి మళ్లీ పనిలో పడతాడు. కానీ కింది లక్షణాల్లో కొన్ని రెండు వారాలకు మించి, దాదాపు ప్రతి రోజూ ఉంటే సాయం తీసుకోవాల్సిన సమయం వచ్చినట్టే.

- నిద్ర పట్టకపోవడం, లేదా తెల్లవారుజామునే మెలకువ వచ్చి ఆలోచనలు తిరుగుతూ ఉండడం
- ఆకలి తగ్గడం, మనిషి చిక్కిపోవడం
- చేను, పశువులు, పిల్లలు దేని మీదా మనసు పోకపోవడం
- గుండెదడ, తల బరువు, ఒళ్లు నొప్పులు ఉన్నా పరీక్షల్లో ఏమీ తేలకపోవడం
- చీటికిమాటికి కోపం రావడం, తాగుడు పెరగడం
- "నేను ఇంటికి భారం" అనే మాట పదే పదే రావడం

మన దగ్గర చాలామంది "మనసు బాగాలేదు" అనరు. "కడుపులో మంట", "కాళ్లల్లో సత్తువ లేదు" అంటారు. ఆర్‌ఎంపీ దగ్గర సెలైన్ ఎక్కించుకుని వస్తారు. రెండు రోజులు బాగుంటుంది, మళ్లీ మొదలు. ఇలా నెలలు గడిచిపోతాయి. బెంగళూరులోని నిమ్హాన్స్ 2015-16లో చేసిన జాతీయ సర్వే ప్రకారం మన దేశంలో పెద్దవాళ్లలో సుమారు పది మందిలో ఒకరికి ఏదో ఒక మానసిక సమస్య ఉంది. వారిలో ఎక్కువ మందికి చికిత్స అందడం లేదు. కాబట్టి ఇది మీ ఒక్కరికే వచ్చిందని అనుకోవద్దు.

ఫోన్ చేస్తే ఏం జరుగుతుంది?

కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్ 10న, ప్రపంచ మానసిక ఆరోగ్య దినోత్సవం రోజున టెలి మానస్ అనే సేవను ప్రారంభించింది. నంబర్ 14416. ఇది కలవకపోతే 1800-891-4416కు చేయవచ్చు. రాత్రి పగలు ఎప్పుడైనా పనిచేస్తుంది, డబ్బులు పడవు. స్మార్ట్ ఫోన్ అక్కర్లేదు, బటన్ల ఫోన్ చాలు.

ముందుగా భాష ఎంచుకోమంటుంది. తెలుగుతో పాటు హిందీ, కన్నడ, మరాఠీ కూడా ఉన్నాయి. ఇటు బీదర్, అటు దెగ్లూర్ సరిహద్దున ఉన్న మన ప్రాంతానికి ఇది మేలు. ఆ తర్వాత శిక్షణ పొందిన కౌన్సెలర్ మాట్లాడతారు. నిద్ర, తిండి, పని, ఇంటి పరిస్థితి అడుగుతారు. చనిపోవాలనే ఆలోచనలు వస్తున్నాయా అని కూడా సూటిగా అడగవచ్చు. ఆ ప్రశ్నకు కంగారు పడకండి. మనం తెగులు చూసే ముందు విత్తిన తేదీ అడిగినట్టే అది. దాచకుండా చెబితేనే వాళ్లు సరైన దారి చూపగలరు. ఫోన్‌లో తేలని సమస్య అయితే నిపుణులైన డాక్టర్లకు కలుపుతారు, లేదా దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లమంటారు.

కౌన్సెలింగ్ అంటే నీతులు చెప్పడం కాదు. మనిషి చెప్పేది పూర్తిగా విని, చిక్కుముడిలో ముందు ఏ పోగు లాగాలో ఆయనతోనే తేల్పించడం. గోవాలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో జరిగిన ఒక అధ్యయనం 2017లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. అక్కడ డాక్టర్లు కాని, శిక్షణ మాత్రమే పొందిన కౌన్సెలర్లు 6 నుంచి 8 సార్లు కలిసి మాట్లాడితే తీవ్రమైన కుంగుబాటు ఉన్నవారిలోనూ మెరుగుదల కనిపించింది. వాళ్లు చేయించిన పనుల్లో ముఖ్యమైనది చిన్నదే. మానేసిన రోజువారీ పనులను ఒక్కొక్కటిగా మళ్లీ మొదలుపెట్టించడం. మనసు బాగైతే పని చేద్దామని కూర్చోకుండా, పని మొదలుపెడితే మనసు కొంత కదులుతుందనే సూత్రం అది.

దీని నుంచి మరో విషయం గుర్తుంచుకోవాలి. ఒక్క ఫోన్‌తో తగ్గదు. ఒక్క పిచికారీతో పచ్చదోమ పోయిందా ఎప్పుడైనా?

ఫొటో చాలేది ఏది, చేనుకు రావాల్సింది ఏది?

మీరు వాట్సాప్‌లో పంపే ఫొటోలు రోజూ చూస్తాను. పత్తి ఆకు ఎర్రబడితే, ఆకు అడుగున రసం పీల్చే పురుగులు ఉంటే ఫొటో చూసి సలహా చెప్పగలను. కానీ కందిలో మొక్కలు అక్కడక్కడా వాడిపోతున్నాయంటే ఫొటో సరిపోదు. చేనులోకి దిగి, మొక్క పీకి, కాండం చీల్చి లోపల నల్లటి చారలు ఉన్నాయా అని చూడాలి. అప్పుడే అది ఎండు తెగులో, నీటి ఎద్దడో తెలుస్తుంది. మనసు విషయం కూడా ఇంతే. కొన్నింటికి ఫోన్ చాలు. కొన్నింటికి మనిషి ఎదురుగా కూర్చోవాలి.

ఫోన్ కౌన్సెలింగ్ వీరికి సరిపోతుంది

- దిగులు, భయం, నిద్రలేమి ఉన్నా రోజువారీ పనులు ఏదో విధంగా సాగుతున్నవారు
- అప్పు, పంట నష్టం, ఇంట్లో గొడవలు, దగ్గరివాళ్ల మరణం వంటి కారణాలతో కుంగిపోయినవారు
- సంగారెడ్డికి గానీ, హైదరాబాద్‌కు గానీ పోయి రావడానికి ఒక రోజు కూలి, బస్సు ఖర్చు భరించలేనివారు
- ఊళ్లో ఎవరికైనా తెలుస్తుందేమోనని ఆసుపత్రి గడప ఎక్కలేనివారు
- ఆసుపత్రిలో ఒకసారి చూపించుకుని, మందులు వాడుతూ మధ్యమధ్యలో మాట్లాడాలనుకునేవారు
- ఇంట్లో ఒకరి పరిస్థితి చూసి ఏం చేయాలో తోచని కుటుంబ సభ్యులు. బాధితుడే ఫోన్ చేయాలని నియమం లేదు.

వీరికి ఫోన్ సరిపోదు, ఆసుపత్రికే తీసుకెళ్లాలి

- ఇప్పుడే ప్రాణం తీసుకుంటానంటున్నవారు, లేదా అందుకు ప్రయత్నించినవారు. వెంటనే 108కి గానీ, 112కి గానీ ఫోన్ చేయండి. ఒంటరిగా వదలకండి.
- ఎవరికీ వినిపించని మాటలు వినిపిస్తున్నాయనేవారు, అందరూ తన మీద కుట్ర చేస్తున్నారని నమ్మేవారు
- రోజుల తరబడి తిండి, నీళ్లు ముట్టనివారు, మంచం దిగనివారు
- ఫిట్స్ వచ్చినవారు, తలకు దెబ్బ తగిలాక ప్రవర్తన మారినవారు
- కాన్పు అయిన కొద్ది రోజులకే పొంతన లేకుండా మాట్లాడుతున్న బాలింతలు
- తాగుడు, కల్లు ఒక్కసారిగా మానేసి వణుకుతున్నవారు

చివరి అంశం మన ప్రాంతానికి ముఖ్యం కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. మన దగ్గర కొన్నిచోట్ల కల్లులో మత్తు మందులు కలుపుతారన్నది అందరికీ తెలిసిందే. రోజూ అది తాగే ఒంటికి ఆ మందు అలవాటైపోతుంది. ఒక్కసారిగా ఆపేస్తే చేతులు వణకడం, చెమటలు, లేనివి కనిపించడం, ఫిట్స్ వస్తాయి. 2015లో రాష్ట్రంలో కల్తీ కల్లు మీద దాడులు జరిగి సరఫరా ఆగిపోయినప్పుడు ఇలాంటి లక్షణాలతో ఎంతోమంది ఆసుపత్రుల్లో చేరారు. ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి వాళ్లతో నిండిపోయింది.

నేను మొదట చెప్పిన రెండో మనిషి కథ ఇదే. అయ్యప్ప మాల వేసుకుంటూ కల్లు మానేశాడు. మంచి పనే. మూడో రోజు నుంచి గోడ మీద పురుగులు పాకుతున్నాయని అరవడం మొదలుపెట్టాడు. ఇంట్లో వాళ్లు గాలి సోకిందన్నారు. తమ్ముడు ఫోన్‌లో కౌన్సెలింగ్ ఇప్పిద్దామని నన్ను నంబర్ అడిగాడు. "నంబర్ తర్వాత, ముందు 108కి చెయ్యి" అన్నాను. వారం రోజులు ఆసుపత్రిలో ఉండి తేరుకున్నాడు. మానడం మంచిదే, కానీ డాక్టరు సలహాతో మెల్లమెల్లగా మానాలి. మానిన తర్వాత మళ్లీ అటు పోకుండా నిలబడడానికి ఫోన్ కౌన్సెలింగ్ బాగా పనికొస్తుంది.

ఈ ఆరు ప్రశ్నలు మీరే వేసుకోండి

1. ఎవరూ వినకుండా అరగంట మాట్లాడే చోటు ఉందా? 
రెండు గదుల ఇంట్లో ఇదే పెద్ద సమస్య. మా రైతు మొదటిసారి ఇంట్లోంచి ఫోన్ చేశాడు. కోడలు లోపలికి రాగానే కట్ చేశాడు. రెండోసారి మోటార్ దగ్గర వేపచెట్టు కింద కూర్చుని చేశాడు. అప్పుడు మాట వచ్చింది. మీరూ చేను గట్టునో, గుడి వెనకో చోటు చూసుకోండి. స్పీకర్ ఆపేయండి.

2. ఫోన్ ఎవరిది? 
చాలా ఇళ్లలో ఆడవాళ్లకు సొంత ఫోన్ ఉండదు. భర్త ఫోన్‌లోంచి చేస్తే నంబర్ కనిపిస్తుంది, కాల్ రికార్డు కావచ్చు. ఇంట్లో కొట్టడం, వేధింపులు ఉన్నవాళ్లు ఆశా కార్యకర్త ఫోన్ నుంచో, నమ్మకమైన స్నేహితురాలి ఫోన్ నుంచో చేయడం క్షేమం. మహిళల సహాయానికి 181 నంబర్ కూడా ఉంది.

3. సిగ్నల్ నిలకడగా ఉందా? 
కొన్ని తండాల్లో మాట మధ్యలో తెగిపోతుంది. కన్నీళ్లతో చెబుతున్నప్పుడు లైన్ తెగితే మళ్లీ చేయబుద్ధి కాదు. ముందే సిగ్నల్ ఉన్న చోటు, చార్జింగ్ చూసుకోండి.

4. ఏ భాషలో మీ మనసు విప్పగలరు? 
లంబాడీ తప్ప వేరే భాషలో ధారాళంగా మాట్లాడలేని పెద్దలకు ఫోన్ కష్టమే. ఇంట్లో చదువుకున్న పిల్లలను తోడు తీసుకుని ఆసుపత్రికి వెళ్లడం మేలు.

5. ఎదురుగా మనిషి ముఖం చూడకుండా మాట్లాడగలరా? 
కొందరికి ముఖం కనిపించకపోతేనే ధైర్యం. కొందరికి గొంతు మాత్రమే వింటే నమ్మకం కుదరదు. రెండూ తప్పు కాదు. మీ స్వభావం ఏదో మీకే తెలుసు.

6. నాలుగైదు సార్లు చేసే ఓపిక ఉందా? 
మొదటి ఫోన్‌లో సగం సమయం పరిచయానికే పోతుంది. ఒకసారి చేసి "ఏం లాభం లేదు" అనుకోవద్దు. మాట్లాడిన కౌన్సెలర్‌తో పొసగకపోతే ఇంకోసారి చేసి వేరే వారితో మాట్లాడవచ్చు.

డబ్బు కట్టమనే యాప్‌లతో జాగ్రత్త

ఫోన్‌లో కౌన్సెలింగ్ అమ్మే ప్రైవేటు యాప్‌లు చాలా వచ్చాయి. మంచివీ ఉన్నాయి. కానీ విత్తన ప్యాకెట్ కొనేటప్పుడు లాట్ నంబర్ చూసినట్టే ఇక్కడా చూడాలి. మందులు రాసేది డాక్టరే. ఆయనకు మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబర్ ఉండాలి. క్లినికల్ సైకాలజిస్టుకు భారత పునరావాస మండలి రిజిస్ట్రేషన్ ఉంటుంది. నంబర్ అడగండి. చెప్పడానికి వెనకాడితే మీరూ వెనకాడండి.

సరిగా పరీక్షించకుండా నిద్రమాత్రలు పంపిస్తామనేవారిని నమ్మవద్దు. ఇలాంటి మందులను ఆన్‌లైన్‌లో రాయడానికి 2020 నాటి టెలిమెడిసిన్ మార్గదర్శకాల్లో కఠిన నియమాలు ఉన్నాయి. నెలల ఫీజు ముందే కట్టకండి. ఓటీపీ, ఆధార్, బ్యాంకు వివరాలు ఎవరు అడిగినా ఇవ్వకండి. కౌన్సెలింగ్‌కు అవి అవసరం లేదు.

పేరు బయటికి వస్తుందా, కేసు అవుతుందా?

ఈ రెండు భయాలతోనే చాలామంది ఆగిపోతున్నారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మీ చికిత్స వివరాలను గోప్యంగా ఉంచాలి. ఆత్మహత్యాయత్నం చేసిన వ్యక్తి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలని, అతన్ని శిక్షించకుండా చికిత్స ఇప్పించాలని అదే చట్టం చెబుతోంది. కాబట్టి కేసు భయంతో ఆసుపత్రికి తీసుకెళ్లడం ఆలస్యం చేయకండి.

ఫోన్ చేస్తే అప్పు తీరుతుందా?

తీరదు. ఈ మాట దాచి నేను మీకు సలహా ఇవ్వకూడదు. కౌన్సెలర్ మీ మిత్తి తగ్గించలేడు, పత్తి ధర పెంచలేడు. కానీ నిద్రలేని మనిషి బ్యాంకు మేనేజర్‌తో మాట్లాడలేడు, పంట నష్టం దరఖాస్తు రాయలేడు. రెండు పనులూ పక్కపక్కనే నడవాలి.

ఈ సంగతి గుర్తించే మన పక్కనున్న వికారాబాద్ జిల్లాలో 2017లో కిసాన్ మిత్ర హెల్ప్‌లైన్ మొదలైంది. రైతు బాధ వినడంతో పాటు ఆయన సమస్యను సంబంధిత శాఖ దాకా తీసుకెళ్లడం దాని పద్ధతి. మన దగ్గర మీరు ఇలా చేయవచ్చు. మనసు బాధకు 14416. పంట సందేహాలకు కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551, ఉదయం 6 నుంచి రాత్రి 10 వరకు. భూమి, పరిహారం, పట్టా ఇబ్బందులకు సోమవారం ప్రజావాణి. అప్పుల లెక్క ఒక కాగితం మీద రాసుకుని మీ క్లస్టర్ ఏఈఓ దగ్గరికి రండి. ఏది ముందు, ఏది తర్వాత అన్నది కలిసి చూద్దాం.

ఇంట్లో వాళ్లకు నాలుగు మాటలు

- "అందరికీ ఉన్నయ్ అప్పులు, నీకొక్కనికేనా" అనకండి. ఆ మాటతో మనిషి మళ్లీ నోరు విప్పడు.
- అనుమానం వస్తే సూటిగా అడగండి. "సచ్చిపోవాలె అనిపిస్తుందా?" అని అడిగితే కొత్తగా ఆ ఆలోచన పుడుతుందనేది అపోహ. అడిగితే బరువు దిగుతుంది.
- పురుగు మందులు ఇంట్లో ఉంచకండి. అవసరమైనంతే కొనండి. మిగిలింది ఇంటికి దూరంగా పెట్టెలో తాళం వేసి, తాళంచెవి వేరే వాళ్ల దగ్గర ఉంచండి. ఆ క్షణం గడిస్తే చాలామంది బతుకుతారు. ఆ క్షణంలో డబ్బా చేతికి అందకూడదు.
- పక్కన కూర్చుని మీరే 14416 నొక్కి ఫోన్ చేతికి ఇవ్వండి. నంబర్ చెప్పి వెళ్లిపోతే చేసేవాళ్లు తక్కువ.

పనిచేస్తోందని ఎలా తెలుస్తుంది?

మూడు నాలుగు వారాల తర్వాత మూడు విషయాలు చూసుకోండి. నిద్ర కొంచెమైనా మెరుగైందా? వేళకు తింటున్నారా? మానేసిన పనుల్లో ఒక్కటైనా మళ్లీ మొదలైందా? మూడింటికీ "లేదు" అంటే ఫోన్ ఒక్కటే సరిపోవడం లేదని అర్థం. నారాయణఖేడ్ ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించుకుని, అక్కడి నుంచి మానసిక వైద్యుడి దగ్గరికి రాయించుకోండి. మందులు రాస్తే డాక్టరు చెప్పకుండా ఆపకండి. చాలా మందులు పని మొదలుపెట్టడానికే రెండు మూడు వారాలు పడుతుంది. ఈ లోపు చనిపోవాలనే ఆలోచన బలపడితే మాత్రం నాలుగు వారాలు ఆగకండి, ఆ రోజే వెళ్లండి.

మా రైతు నాలుగుసార్లు ఫోన్ చేశాడు. మూడోసారి కౌన్సెలర్, బరువు బాగా తగ్గావు కాబట్టి డాక్టరుకు ఒకసారి చూపించుకొమ్మని చెప్పారు. సంగారెడ్డి వెళ్లి చూపించుకున్నాడు. మందులు రాశారు. అప్పు ఇంకా ఉంది. ఆ ఏడు పత్తి కూడా అంతంతమాత్రమే వచ్చింది. యాసంగికి శనగ విత్తనం కోసం రైతు వేదికకు వచ్చినప్పుడు, ఫోన్‌లో ఏం చెప్పారని అడిగాను.

"కొత్తగ ఏం జెప్పలే సార్. నేనే జెప్పిన. జెప్పినంక నాకే తెల్సింది, ఏది ముందల చెయ్యాల్నో" అన్నాడు. సంచి భుజాన వేసుకుని, శనగకు విత్తన శుద్ధి ఏ మందుతో చేయాలని అడిగాడు. ఈసారి ఆయన అడిగింది నిజంగా శనగ గురించే.

మీ చేనులో తెగులు కనిపిస్తే రేపటి దాకా ఆగరు. మనసు విషయంలోనూ ఆగవద్దు. 14416 నంబర్ ఫోన్‌లో ఇప్పుడే సేవ్ చేసుకోండి. మీకు అవసరం రాకపోవచ్చు. మీ పక్క చేను రైతుకు రావచ్చు.